వలపట కట్టిన కొమ్ముల బండి

ముందుగా ఒక మాట. నా రాతలో ఒత్తులు జారిపోతాయి. దీర్ఘం ఉండాల్సిన చోట పొట్టిగా, పొట్టిగా ఉండాల్సిన చోట పొడుగ్గా పడుతుంది. తప్పులుంటే మన్నించండి. రాయడమూ నిదానమే. ఈ కథ మొదలుపెట్టినప్పుడు చేలో మిరపకాయలు పచ్చగా ఉన్నాయి, ఇప్పుడు కల్లాల్లో ఎండుతున్నాయి. పెద్దతనంలో అక్షరాలు దిద్దినదాన్ని, మీరే సర్దుకుని చదువుకోండి.

నూజెండ్ల దగ్గర మా పుట్టినూళ్లో శివరామయ్య అనే రైతు ఉన్నాడు. ఆయనకి రెండు గొప్పలు. ఒకటి ఎడ్లు, రెండోది మీసం.

ఎడ్లంటే దున్నే ఎడ్లు కావు, బండలాగుడు పందేలకి మేపే ఒంగోలు ఎడ్లు. ఒకదాని పేరు కలెక్టరు, ఇంకోదాని పేరు తాసిల్దారు. కాడికి కుడివైపు కట్టేదాన్ని వలపటిది అంటారు, ఎడమవైపు కట్టేదాన్ని దాపటిది అంటారు. కలెక్టరు వలపట, తాసిల్దారు దాపట. కలెక్టరు చూడ్డానికి గున్న ఏనుగులా ఉంటుంది కానీ వట్టి పిరికిది. వంటింట్లో కుక్కరు కూతేస్తే కట్టుకొయ్య పీకుతుంది. తాసిల్దారు అట్టా కాదు. పక్కన పిడుగు పడ్డా నెమరు ఆపదు.

ఇక మీసం. ఆ మీసం ఒక కొస ఎడమ చెవిని పలకరిస్తే ఇంకో కొస కుడి చెవిని పలకరిస్తుంది. దానికి ఆముదం వేరు, దువ్వెన వేరు. ఆయన భార్య సుభాషిణికి మాత్రం దాన్ని చూస్తే ఒళ్లు మంట. "నేను కాపరానికి వచ్చిన కాణ్ణించి ఆ మీసం తాగిన మజ్జిగ ఒక్కచోట పోస్తే ఊరికి పొర్లేది" అంటుంది. పులుసులో మునుగుతుంది, పెరుగులో తేలుతుంది. ఆయన తాగిన గ్లాసుకి పిల్లి కూడా మూతి పెట్టదు.

శివరామయ్యకి ఒక్క బలహీనత ఉంది. గొడ్డుని తప్పుగా కడితే చూడలేడు. బస్సులో పోతూ పక్క చేలో కాడి వంకరగా ఉందని కనబడితే చాలు, బస్సు ఆపించి, దిగి, సరిచేసి వస్తాడు. ఒకసారి అట్టా సొంత తోడల్లుడి కూతురి పెళ్లి ముహూర్తం దాటబెట్టుకున్నాడు.

ఆయన కూతురు కీర్తిని నరసరావుపేటలో పళ్ల డాక్టరుకి ఇచ్చారు. అల్లుడి పేరు అమర్నాథ్. మంచివాడు, నెమ్మదస్తుడు, ఒక్క మాటకి ఎదురు చెప్పడు. అట్టాంటివాడు ఉన్నట్టుండి హైదరాబాదు నించి పాత ఇటలీ మోటారు సైకిలు కొనుక్కొచ్చాడు. పేరు మోటో గుత్సి లెమాన్. ఒక ఆదివారం దాని మీద అత్తారింటికి బయల్దేరాడు.

కీర్తి ఆ బండి ఎక్కనంది. "దానికి ఒకటిన్నర మనిషికి సరిపోయే సీటుంది. ఆ అరమనిషిని నేను కాను" అని బస్సెక్కి వచ్చేసింది. బస్సే ముందొచ్చింది. బండి వేగం తక్కువై కాదు, అది గంటకి రెండొందల కిలోమీటర్లు పోయే బండి. కానీ టీకొట్టు కనబడ్డ చోటల్లా నలుగురు మూగడం, ఇదేం బండని అడగడం, అమర్నాథ్ దిగి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పడం. వినుకొండలో మెకానిక్కు జబ్బార్ కూడా విన్నాడు. విని ఊరుకోకుండా షాపు మూసి, తన స్కూటరు మీద వెంటబడి వచ్చాడు.

కీర్తి రెండో గారె తుంచుతుండగా వీధి చివర ఉరిమింది. కలెక్టరు ఒక్క గుంజు గుంజింది. పలుపు తెగింది, దడి విరిగింది, తోక నిటారుగా లేచింది. ఆ తర్వాత దాన్ని యల్లమంద మిరపచేలో చూశామని చెప్పారు. తాసిల్దారు ఒక చెవి కదిలించి మళ్లీ నెమరులో పడింది.

బండి వాకిట్లోకి వచ్చి ఆగింది. ఎర్రటి ట్యాంకు, దాని మీద రెక్కలు చాపిన గద్ద బొమ్మ. ట్యాంకు కింద, అటొకటి ఇటొకటి, బొంగరాల్లాంటి రెండు ఇంజను సిలిండర్లు పైకి ఎగదన్నుకుని బయటికొచ్చి ఉన్నాయి.

"కొమ్ములేందిరా దీనికి?" అన్నాడు యల్లమంద.

యల్లమంద శివరామయ్యకి వరసకి బావమరిది, పందేల్లో పోటీదారు. తన మిరపచేలో పడ్డ ఎద్దు సంగతి తేల్చుకుందామని వచ్చి, బండిని చూసి ఆ సంగతే మర్చిపోయాడు.

శివరామయ్య కండువా నడుముకి బిగించి బండి చుట్టూ తిరిగాడు. కొత్త గొడ్డు వాకిట్లోకి వస్తే ఎట్టా చూస్తాడో అట్టాగే చూశాడు. వీపు నిమిరాడు. వెనక చక్రం తట్టాడు. ట్యాంకు మీద సుడులేమైనా ఉన్నాయా అని వంగి వెతికాడు.

"ఎన్ని పళ్లు?" అన్నాడు.

"మామయ్యా, బండికి పళ్లుండవు" అన్నాడు అమర్నాథ్.

"పళ్ల డాక్టరు అయ్యుండి పళ్లు లేని గొడ్డుని తెచ్చుకున్నారా?"

"దీని వయసు యాభై ఏళ్ల దగ్గర మామయ్యా."

"అయితే ఉన్నయ్యి కూడా ఊడిపోయుంటయ్ లే."

అమర్నాథ్ చిన్నబుచ్చుకుని, దాని సత్తా చూపిద్దామని నిలబెట్టిన బండికి ఒక్కసారి ఆక్సిలరేటర్ తిప్పాడు. బండి గుర్రుమని ఒళ్లంతా కుడిపక్కకి ఒరిగింది. వదిలితే నిలబడింది. మళ్లీ తిప్పితే మళ్లీ కుడికే ఒరిగింది.

శివరామయ్య కళ్లు పెద్దవయ్యాయి. "ఇది వలపటిది!"

"కాదు మామయ్యా. దీని ఇంజనులో ఇరుసు బండి పొడవునా తిరుగుతుంది. ఆ తిరుగుడు ఊపుకి అట్లా ఒరుగుతుంది. ఈ జాతి బండ్లన్నీ ఇంతే. పరుగులో పడ్డాక తెలియదు."

"మీరు చదువుకున్నవాళ్లు, ఏ పేరైనా పెట్టుకోండి అల్లుడుగారూ. నిలబెడితే కుడికి మొగ్గే గొడ్డు వలపటిదే. దీనికి దాపటిది యాడుంది? జతలో ఒకదాన్ని విడగొట్టి అమ్మారు మీకు."

"దీనికి జతెందుకు మామయ్యా, ఒక్కదానికే డెబ్బై గుర్రాల బలం ఉంటే?"

యల్లమందకి కావలసింది అదే. "విన్నావా బావా! డెబ్బై గుర్రాలంట. పాపం, మన ఎడ్లు ఏ మూలకొస్తయ్?"

"గుర్రాలు పెళ్లి ఊరేగింపుకి పనికొస్తయ్" అన్నాడు శివరామయ్య. "బండ లాగవు."

"నీ కలెక్టరు దీని కూతకే పారిపోయిందిగా?"

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. శివరామయ్య కుడిచేత్తో కుడి మీసం, ఎడమచేత్తో ఎడమ మీసం పట్టుకుని మెలేశాడు.

"మా ఆరుపళ్ల బండని ఈ బండి జానెడు కదిలిస్తే, ఇదే వాకిట్లో ఈ మీసం తీసేస్తా!"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

అమర్నాథ్‌కి కూడా ఎక్కడినించి వచ్చిందో పల్నాటి పౌరుషం, "కదలకపోతే నేను బండి అమ్మేస్తా" అన్నాడు.

కీర్తి నోట్లో గారె నమలడం ఆగిపోయింది.

ఆరుపళ్ల బండ అంటే ఆరు పళ్లు వేసిన ఎడ్ల జత పందెంలో లాగే బండ. జతకైతే కదులుతుంది. ఒంటి ఎద్దు ఎంత గింజుకున్నా ఉన్నచోటే ఉంటుంది. అది ఊరి బయట, నేల చదును చేసిన బరిలో పడి ఉంటుంది. ఎండ తగ్గాక పందెం అనుకున్నారు.

అప్పటినించి ఆ ఇంట్లో తల్లి ఒక పార్టీ, కూతురు ఒక పార్టీ. సుభాషిణి అల్లుడి విస్తట్లో నెయ్యి కుమ్మరించింది. బండి రెండు కొమ్ములకీ పసుపు రాసి, కుంకుమ పెట్టి, దిష్టి తీసింది. ఇంజను వేడికి పసుపు మాడి వాకిలంతా కమ్మటి వాసన.

"ఏమే అమ్మా, నీ మొగుడి పరువు పోవాలని మొక్కుతన్నావా?" అంది కీర్తి.

"పరువు పోతే మళ్లీ వస్తదే. ఆ మీసం పోయే రోజు మళ్లీ రాదు."

భోజనాల దగ్గర శివరామయ్య గుంభనంగా అడిగాడు. ఏ గొడ్డునైనా ముందు దాని పుటక తెలుసుకోవాలి కదా.

"దీని తాతతండ్రులెవరు అల్లుడుగారూ?"

అమర్నాథ్‌కి ఈ ప్రశ్న అడిగితే ఆస్తి రాసిచ్చినంత ఆనందం. "ఇటలీలో కోమో సరస్సు ఒడ్డున మాండెల్లో అని ఒక ఊరు మామయ్యా. అక్కడ పుట్టింది."

"నీళ్ల పక్కన పుట్టిందా? కాళ్లు మెత్తన" అని శివరామయ్య ఒక ముద్ద హాయిగా మింగాడు.

"కార్కానో అనే ఇంజనీరు ఈ రెండు సిలిండర్ల ఇంజను గీశాడు. మొదట చిన్న కారుకి పెడదామనుకున్నారు, కుదర్లేదు. ఇట్లాంటి ఇంజన్నే కొండల్లో మిలిటరీ సామాను లాగే మూడు చక్రాల బండికి పెట్టారు. అదే దీనికి తాత అని కొందరంటారు, కాదు వేలువిడిచిన చుట్టం అని కొందరంటారు."

"లాగేదా?"

"రాళ్లూ గుట్టలూ ఎక్కేది. దాన్ని ఇనప కంచరగాడిద అనేవాళ్లట."

రెండో ముద్ద గొంతులో అడ్డం పడింది. తాత బరువు లాగినవాడు! రక్తం ఊరికే పోతుందా?

"తర్వాత పోలీసుల బండికి పెట్టారు. అది ఎత్తుగా, గంభీరంగా ఉండేది. అప్పుడు టోంటి అనే ఇంకో ఇంజనీరు వచ్చి, ఇంజను నెత్తిన కూర్చున్న డైనమోని తీసేశాడు. దాని పని చేసేదాన్ని ఇంజను ముందు మూతి దగ్గర బిగించాడు. దాంతో బండి ఎత్తు తగ్గింది, ఒళ్లు నేలకి దగ్గరైంది. పందేల బండి అట్లా పుట్టింది మామయ్యా. దాన్ని ఇంకా పదునుపెట్టి డెబ్బై ఆరులో ఈ లెమాన్ తెచ్చారు."

"ఒళ్లు నేలకి దగ్గరా?" శివరామయ్య గొంతు సన్నబడింది. నేలబారు ఎద్దే బండ లాగుతుందని ఆయన ఊరందరికీ చెప్పే మాట.

"గొలుసు కూడా ఉండదు బాబాయ్" అన్నాడు జబ్బార్, పప్పు కలుపుకుంటూ. "ఇనప కడ్డీయే లోపల్లోపల వెనక చక్రం దాకా పోయిద్ది."

"తెగడానికి గొలుసన్నా లేదా!"

"కాలితో ఒక్క బ్రేకు నొక్కితే ముందు చక్రం, వెనక చక్రం రెండూ ఆగుతాయి" అన్నాడు అమర్నాథ్.

"చెప్పినమాట కూడా వింటదన్నమాట." శివరామయ్య చెయ్యి కడిగేసుకున్నాడు.

సుభాషిణి మజ్జిగ గ్లాసు తెస్తే వద్దన్నాడు. ఉన్న కాసేపైనా మీసాన్ని పొడిగా ఉండనియ్యాలని.

సాయంత్రానికి బరి దగ్గర తిరనాళ్లంత జనం. జబ్బార్ బండి వెనక ఇనుప చట్రానికి మోకు కట్టి, రెండో కొస బండకి బిగించాడు. అమర్నాథ్ హెల్మెట్ పెట్టుకున్నాడు. శివరామయ్య మీసాన్ని చివరిసారిగా తడుముకున్నట్టు తడుముకుని గట్టు మీద కూర్చున్నాడు.

బండి గర్జించింది. మోకు బిగిసింది. వెనక చక్రం గిర్రున తిరిగి మట్టిని యల్లమంద మొహాన కొట్టింది. బండ కదల్లేదు. మళ్లీ గర్జించింది. చక్రం గుంట తవ్వింది. వెనక్కి తీసి ఇంకోచోట పెట్టారు, అక్కడా గుంట తవ్వింది. బండ మీద కూర్చున్న కాకి కూడా లేవలేదు.

జనం ఈలలేశారు. కీర్తి చప్పట్లు కొట్టింది. సుభాషిణి తల పట్టుకుంది.

శివరామయ్య ఆ క్షణాన పొంగిపోవాలి. మీసం దక్కింది. ఇంకో గర్జన అయితే అల్లుడు దిగి ఓడిపోయానంటాడు. కానీ ఆయన పొంగడం లేదు. గట్టు మీద కుదురుగా కూర్చోలేకపోతున్నాడు. బండి గుర్రుమన్నప్పుడల్లా కుడి భుజం దించుతోంది, తోక పక్కకి తిప్పుతోంది, ఒంటిగా గింజుకుంటోంది. పక్కన తోడు లేదు. మోకు చూస్తే నడుం మధ్యన కట్టారు. ఆయన కండువా కొస నోట్లో కుక్కుకున్నాడు. లేచాడు. కూర్చున్నాడు. కళ్లు మూసుకున్నాడు. మూసుకున్నా ఆ మూలుగు వినబడుతోంది.

"గెలిచావు బావా, ఏందా గింజుకోడం?" అన్నాడు యల్లమంద, కళ్లలో మట్టి తుడుచుకుంటూ.

నాలుగోసారి బండి కుడికి ఒరిగి మూలిగింది. శివరామయ్య ఇక ఆగలేకపోయాడు.

"ఒరేయ్ అమర్నాథూ! ఆపరా! వలపటి గొడ్డుని ఒంటిగా కట్టి దాని నడుం విరగ్గొడతావా?"

అల్లుణ్ణి ఒరేయ్ అనడం ఆ ఊరు ఎప్పుడూ వినలేదు. అమర్నాథ్ భయపడి బండి ఆపేశాడు.

"నాన్నా!" అంటూ కీర్తి పరుగెత్తుకొచ్చింది. "గెలిచావు, గమ్మునుండు! నీ మీసం!"

"మీసం సంగతి తరవాత. ముందు జీవం సంగతి చూడు" అని ఆయన ఇంటికేసి పరుగు తీశాడు.

తిరిగొచ్చినప్పుడు ఒక చేతిలో తాసిల్దారు పగ్గం, భుజాన కాడి. తాసిల్దారుని బండికి ఎడమపక్కన నిలబెట్టాడు. కాడి ఒక కొస దాని మెడ మీద పెట్టాడు. రెండో కొస బండి సీటు వెనక గోనెసంచులు చుట్టి, వాటి మీద ఆనించి, పగ్గాలతో బిగించాడు. మోకు విప్పించి కాడి నడిమధ్య కట్టించాడు. వెనక చక్రం మీద బరువు చాలదనుకున్నాడు.

"యల్లమందా, ఎక్కు."

"నేనా? నేనెందుకు బావా?"

"ఆ పొట్టని ఇన్నాళ్లు మేపింది ఎందుకనుకున్నావు? ఎక్కి కాడి కొస లేవకుండా అదిమిపట్టు."

యల్లమంద ఆ అరమనిషి సీటు మీద, మనిషిన్నర బరువుతో కూర్చున్నాడు. బండి ఉస్సురంది.

"అల్లుడుగారూ," మర్యాద మళ్లీ గుర్తొచ్చింది శివరామయ్యకి, "రంకె వేయించమాకండి. మెల్లగా బుజ్జగించండి. నేను హోయ్ అన్నప్పుడే."

ఆయన ముందుకెళ్లి నిలబడ్డాడు. చెయ్యెత్తాడు.

"హోయ్!"

బండి గుర్రుమని కుడికి మొగ్గింది. ఏళ్ల తరబడి వలపటి ఎద్దు మొగ్గుకి అలవాటుపడ్డ తాసిల్దారు తన భుజాన్ని ఎడమకి మొగ్గించి మెడ వంచింది. కాడి సమంగా నిలిచింది. చక్రం నేలని కరిచింది. బండ కిర్రుమంది. కాకి ఎగిరిపోయింది.

జానెడు. మూరెడు. బారెడు.

"హోయ్! హై! నా తండ్రే! నా కొమ్ముల రాజా!" శివరామయ్య వెనక్కి నడుస్తూ, కండువా గాల్లో తిప్పుతూ, గెంతుతూ, ఏడుస్తూ, నవ్వుతూ బరి చివర దాకా పోయాడు. జనం ఆయన వెనక. యల్లమంద "దించండ్రా నన్ను, దించండి!" అని అరుస్తూనే ఉన్నాడు.

బరి చివర బండి ఆగింది. శివరామయ్య తాసిల్దారు మెడ కౌగిలించుకున్నాడు. తరవాత బండి ట్యాంకుని కౌగిలించుకున్నాడు. ఎర్ర ట్యాంకు మెరుపులో తన మొహం కనబడింది. మొహం మీద మీసం కనబడింది.

అప్పుడు గుర్తొచ్చింది.

తల తిప్పేసరికి సుభాషిణి చెంబుతో నీళ్లు, సబ్బు, కొత్త బ్లేడు పట్టుకుని నిలబడి ఉంది. అవి ఎప్పుడు తెచ్చిందో, ఎప్పటినించి కొంగులో దాచిందో దేవుడికే తెలియాలి.

"అదెట్టా కుదురుద్ది?" అన్నాడు శివరామయ్య. "కదిలించింది తాసిల్దారు."

"తాసిల్దారు ఒక్కటే కదిలించిద్దా?" అన్నాడు యల్లమంద, రెండు కాళ్లూ ఎడంగా పెట్టి నడుస్తూ. "మీసం బండిదే."

"బండి ఒక్కటే కదిలించలేకపోయిందిగా!" అంది కీర్తి. "బండి అమ్మాల్సిందే."

అందరూ జబ్బార్ వైపు చూశారు. ఇటు చుట్టమూ కాదు, అటు పక్కమూ కాదు.

"నన్నడిగితే సగం ఎద్దు, సగం బండి బాబాయ్" అన్నాడు జబ్బార్.

"అయితే సగం తియ్యండి" అంది సుభాషిణి.

"ఏ సగం?"

"బండి ఏ పక్కన కట్టారు?"

"వలపట."

"ఆ పక్కే."

మాటంటే మాటే. శివరామయ్య బరి చివర, ఆ బండ మీదే కూర్చున్నాడు. ఊళ్లో అందరికంటే చెయ్యి వణకనిది అల్లుడికే కాబట్టి బ్లేడు అతనికిచ్చారు. అమర్నాథ్ మామగారి తల వెనక్కి వంచి, అలవాటు చొప్పున "నోరు తెరవండి మామయ్యా, నొప్పి ఉంటే ఎడమ చెయ్యెత్తండి" అన్నాడు. శివరామయ్య రెండు చేతులూ ఎత్తాడు. కుడి మీసం రాలిపోయింది.

ఇక బండి సంగతి. సగం ఓడింది కాబట్టి సగం అమ్మాలి. సగం బండి ఎవరు కొంటారని అమర్నాథ్ ధైర్యంగా ఉన్నాడు.

"నేను" అన్నాడు శివరామయ్య. "వలపటి కొమ్ము నాది."

అప్పటినించి ఆదివారం వస్తే చాలు, ఆ బండి పల్లెకి వచ్చి కొట్టంలో తాసిల్దారుకి కుడిపక్కన నిలబడాల్సిందే. శివరామయ్య కుడి సిలిండరుని అద్దంలా తుడుస్తాడు, ఎడమదాని జోలికి పోడు. తాసిల్దారు మధ్యమధ్యలో ట్యాంకు నాకుతుంది. కలెక్టరు మాత్రం ఆదివారం పొద్దున్నే తనంతట తనే యల్లమంద చేలోకి వెళ్లిపోతుంది. కీర్తి ఇప్పటికీ బస్సులోనే వస్తుంది.

రెండో సగం కూడా తీసెయ్యమని కొందరు, మొదటి సగం మళ్లీ పెంచమని కొందరు శివరామయ్యకి చెప్పి చూశారు. ఆయన వినలేదు.

"దాపటి మీసం తాసిల్దారు గెలిచింది, తియ్యడానికి నేనెవరిని? వలపటిది పందెంలో పోయింది, పెంచడానికి నేనెవరిని?" అంటాడు, ఉన్న ఒక్క కొసా మెలేస్తూ.

సుభాషిణి ఇప్పుడు మజ్జిగ గ్లాసు ఆయనకి కుడిపక్కనే పెడుతోంది.

షేక్ జాన్‌బీ
అరవై ఎనిమిదేళ్లు
వినుకొండ, మా పెద్దాడు జబ్బార్ ఇంట్లో